కాళ్ళు లేని లోకం



పోయిన నెల మా సంఘంలోని ఒక తల్లి పంపిన మామిడికాయ పచ్చడి పట్టుకుని నల్లగొండలో బస్సెక్కాను. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కితే మూడో స్టేషను దిల్‌సుఖ్‌నగర్. ఆమె కొడుకు అక్కడ హాస్టల్లో ఉండి వీఆర్ గేములు తయారుచేసే కోర్సు నేర్చుకుంటున్నాడు. ఫీజు కోసం ఆ తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టింది.

"అయ్యగారూ, మీరూ ఒకసారి చూడాలి" అని దగ్గర్లోని గేమింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళి నా కళ్ళకు ఆ హెడ్‌సెట్ తగిలించాడు. కొండలు, సరస్సు... నిజంగానే అద్భుతం. అయిదు నిమిషాలకే కడుపులో తిప్పింది. కళ్ళేమో నడుస్తున్నావంటాయి, ఒళ్ళేమో కదల్లేదంటుంది. ఆ తగవుకే తల తిరుగుతుందట.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి ఎల్బీనగర్ దాకా వచ్చాడు. టీ తాగుతూ చెప్పాడు. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరునే మెటా అని మార్చుకుంది. అది తెరిచిన హొరైజన్ వరల్డ్స్‌లో మనుషుల బొమ్మలకు మొదట్లో కాళ్ళే లేవు. వీఆర్ పనులు చూసే విభాగానికి 2022 ఒక్క ఏడాదే 1,300 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మన తెలంగాణ ప్రభుత్వం కూడా 2022 ఏప్రిల్‌లో అంతరిక్ష రంగ విధానాన్ని మెటావర్స్‌లో ఆవిష్కరించింది.

"అంత చేసినా మామూలు జనం రాలేదయ్యగారూ. నా చదువు దండగేనా?"

"మీ అమ్మకు వాట్సాప్ ఎవరు నేర్పారు నాయనా?"

"ఎవరూ నేర్పలేదు. నేనిక్కడికొచ్చాక తనే నేర్చుకుంది."

జవాబు అందులోనే ఉంది. వింతగా ఉందని జనం ఒకసారి వెళ్తారు, తమవాళ్ళున్నారని రోజూ వెళ్తారు. ఆమె కూర కలుపుతూనే కొడుకు ముఖం చూస్తుంది. ఆ హెడ్‌సెట్ పెట్టుకుంటే పొయ్యి కనబడదు, పక్కింటావిడ పిలుపు వినబడదు. అంతా మూసుకుని లోపలికెళ్తే ఎదురయ్యేది కొడుకు కాదు, కొడుకు బొమ్మ.

ఇంతవరకు చెప్పి నేను ఆగిపోయాను. నా సంగతి గుర్తొచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్ ప్రార్థన దేవుని కృపే. కానీ తలుపులు తెరుచుకున్నాక కూడా నాకు ఆ సౌకర్యం అలవాటైపోయింది. మంచం పట్టిన ఒక వృద్ధ సహోదరికి నెలల తరబడి ఫోన్లోనే ప్రార్థన చేశాను. వాళ్ళిల్లు రెండు కిలోమీటర్లే. ఆమె ప్రభువునందు నిద్రించిన రోజు కూతురు అంది: "మీరొచ్చి తలమీద చెయ్యి పెడతారని అమ్మ ఎదురుచూసేదండీ." ఆ బొమ్మల సంగతి విని నవ్వాను గానీ, ఆమెకు నేనూ కాళ్ళు లేని పాస్టరునే.

యోహాను తన రెండవ పత్రిక చివర, చెప్పాల్సింది ఎంతో ఉన్నా సిరాతో, కాగితంతో సరిపెట్టనని, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతానని రాశాడు. ఆనాటికి ఉత్తరమే గొప్ప సాధనం. దాన్ని ఆయన కాదనలేదు, దానితో ఆగిపోలేదు.

"దండగ కాదు నాయనా" అన్నాను. "పైలట్లకు, డాక్టర్లకు శిక్షణలో అది పనికొస్తోంది. ఎవరికి ఏ అవసరముందో చూసి చెయ్యి."

బస్సు కదిలేదాకా అతడు కిటికీలోంచి నా చెయ్యి వదల్లేదు.

ప్రియులారా, మీరు ఫోన్‌తో సరిపెట్టిన ఇల్లు ఏదైనా ఉంటే, ఈ వారం వెళ్ళి తలుపు తట్టండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.