ద్రాక్షాపాకంలో వగరు

కావ్యశాస్త్రం పాఠంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని చెప్తూంటాం. నోట్లో వేసుకోగానే రసం ఊరినట్టు, చదవగానే అర్థమయ్యే కవిత్వం ద్రాక్షాపాకం. ఈ పోలికలో ద్రాక్షకి తొక్క లేదు, గింజ లేదు. ఎర్ర వైన్‌కి మాత్రం ఆ రెండే ప్రాణం. రసాన్ని తొక్కలతోపాటు పులియబెడితేనే ఆ రంగూ, ఆ వగరూ దిగుతాయి. తెల్ల వైన్‌కి సాధారణంగా ముందే తొక్క తీసేస్తారు.

ఇంగ్లీషు పుస్తకాలు 'టానిన్' అని పేజీలకొద్దీ వివరించేది మన వగరునే. నేరేడుపండు, పచ్చి అరటికాయ, వక్క నమిలిన ఏ అనంతపురం మనిషికైనా ఆ నాలుక బిగుసుకుపోవడం తెలుసు. ఉగాది పచ్చడిలో దానికో స్థానం కూడా ఇచ్చాం. కాబర్నే సావిన్యాఁలో ఈ వగరు ఎక్కువ. షిరాజ్‌లో మిరియాల ఘాటు. సావిన్యాఁ బ్లాఁలో పచ్చిగడ్డి వాసన, పులుపు. షెనిన్ బ్లాఁ, రీస్లింగ్‌లలో కొన్నిటిని కాస్త తీపిగానే ఉంచుతారు.

మరి మన తిండికి ఏది నప్పుతుంది? కొవ్వున్న పొట్టేలు కూరతో వగరు మెత్తబడుతుంది కాబట్టి కాబర్నే. రాగి సంగటి, కారంగా నాటుకోడి పులుసు అయితే ఆల్కహాలు ఎక్కువున్న వైన్ ఆ మంటని పెంచుతుంది. అక్కడ చల్లగా, కొద్దిగా తియ్యగా ఉన్న రీస్లింగ్ మేలు. గోంగూర ముందు పులుపు లేని వైన్ చప్పగా తేలిపోతుంది. ఓళిగలతో తాగే వైన్ ఓళిగ కన్నా తియ్యగా ఉండాలి.

ఇవన్నీ రాస్తుంటే నాకు మా అమ్మే గుర్తొస్తోంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మాది. శెనక్కాయ పంట పోయిన ఏడు కూడా నాన్న సాయంత్రం సీసా ఆగలేదు. "నంజుకునేకి ఏముంది?" అన్న కేక ఆగలేదు. ఏ రోజు కల్లో, ఏ రోజు సారాయో వాసనని బట్టే అమ్మకి తెలిసిపోయేది. కల్లుకైతే ఉడకేసిన శెనక్కాయలు, సారాయికైతే కారం దట్టించిన బొరుగులు. ఇప్పుడు పెద్ద హోటళ్లలో జీతమిచ్చి చేయించుకునే పనే అది. అమ్మ దానికి తిట్లు తినేది.

వైన్ మీద రాస్తున్నానంటే స్నేహితురాళ్లు కొందరు నొచ్చుకున్నారు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత - ఇవన్నీ మన చరిత్రే కదా అన్నారు. అవును. ఆ ఆడవాళ్లు పోరాడింది కూలి డబ్బుల కోసం, ఒంటిమీద దెబ్బల నుంచి, ఖజానా కోసం తమ బతుకుల్ని తాకట్టు పెట్టిన ప్రభుత్వంతో. గాజు గ్లాసులో పోసినంత మాత్రాన మద్యం పెద్దమనిషి అయిపోదు. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి సురక్షితం అనలేమని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా.

కానీ హిందూపురం దాటితే దొడ్డబళ్లాపురం, చిక్కబళ్లాపురం వైపు బెంగళూరు బ్లూ ద్రాక్షతోటలు. అక్కడ పండే ఆ నల్లద్రాక్ష తియ్యటి వైన్లలోకి కూడా పోతుంది. ఇంత దగ్గరి సంగతిని రుచి తెలిసిన ఆడవాళ్లు మాట్లాడకపోతే, మాట్లాడే హక్కు సీసా అమ్మేవాళ్లకీ తాగేవాళ్లకీ మాత్రమే మిగులుతుంది.

ఏ వైన్‌కి ఏ కూర అని అమ్మకి చెప్పుకొచ్చాను. ఓపిగ్గా విని అడిగింది: "అంతా బాగుంది గానీ పాపా, దాంట్లేకి నంజుకునేకి ఎవురు చేస్తారు?"

రుచుల గురించి ఏ పుస్తకం తెరిచినా ఇప్పుడు నేను ముందు వెతికేది ఈ ప్రశ్ననే. తాగాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి కూడా కూర్చునే చోటు, కాదనే నోరు ఉన్నాయా అన్నది మాత్రం మనమందరం కలిసి అడగాల్సిందే.