పాన్‌గల్ గుడారాల నుంచి బేగంపేట రన్‌వే దాకా

వనపర్తి జిల్లా పాన్‌గల్‌కు వెళ్ళినవారిని ముందుగా పలకరించేది కొండ. ఆ కొండ మీద కోట. గోల్కొండకు, గద్వాలకు వచ్చినంత జనం ఇక్కడికి రారు. రాకపోవడం వల్ల మనకో లాభం ఉంది లెండి... తోపులాట లేకుండా తీరిగ్గా తిరగొచ్చు! సముద్రమట్టానికి 1800 అడుగుల ఎత్తున, ఏడు ప్రాకారాలతో, నడిమధ్య బాలాహిస్సారుతో ఉన్న కోట అని పాత గెజిటీరులో రాశారు. చీర కట్టుకుని ఎక్కలేమని కాదు గానీ, పంజాబీ డ్రెస్ అయితే సుఖం. కాళ్ళకు బూట్లు, చేతిలో నీళ్ళ సీసా, మూటలో నాలుగు జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ ఉంటే ఇక చూసుకోండి!

కోట అనగానే ఎవరైనా యుద్ధాల కథలే చెబుతారు. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా రెండేళ్ళ పాటు ముట్టడి వేశాడనీ, సైన్యంలో రోగాలు పుట్టి చివరికి విజయనగరం వాళ్ళ చేతిలో ఓడిపోయాడనీ అంటారు. నాకు మాత్రం కత్తుల కథ కన్నా మాటల కథ ఎక్కువ నచ్చింది. 1790లో రెండో నిజాం అలీఖాన్ విడిది పాన్‌గల్‌లోనే ఉండేది. ఈస్టిండియా కంపెనీ తరఫున కెన్నవే అనే దొర వచ్చి మంతనాలు జరిపాడు. ఆ ఏడు జూలై 4న ఇక్కడే టిప్పు సుల్తాను మీద ఒప్పందం కుదిరింది. అంతకు నెల ముందు, జూన్ 1న, మరాఠాలతో పూనాలో అలాంటిదే కుదిరింది. 1792లో టిప్పు తన రాజ్యంలో సగం వదులుకున్నాడు. అందులో కడప వైపు సీమ నిజాం వాటాకు వచ్చింది. ఎనిమిదేళ్ళకే, 1800లో, నిజాం దాన్ని కంపెనీ చేతిలో పెట్టాడు. దత్తమండలాలు అన్నారే, అవే తర్వాత రాయలసీమ అయ్యాయి.

చూశారా! పాలమూరు గడ్డ మీద ఎవరో కూర్చుని మాట్లాడుకుంటే, కడపలో పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి రాజు మారాడు, శిస్తు మారింది. ఆమెను ఎవరైనా పిలిచారా? అడిగారా? పెద్దవాళ్ళ సమావేశాల సంగతి ఎప్పుడూ ఇంతే. కూర్చునేవాళ్ళు వేరు, అనుభవించేవాళ్ళు వేరు. అందుకే ఆ సమావేశం ఎలా జరుగుతుందన్నది మనకూ పట్టాల్సిన విషయమే.

ఈ కాలంలో అలాంటి విడిది చూడాలంటే పాన్‌గల్ నుంచి హైదరాబాదు వెళ్ళాలి. అక్కడ బేగంపేట విమానాశ్రయంలో రెండేళ్ళకోసారి విమానాల వాళ్ళ పెద్ద సదస్సు జరుగుతుంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దాంతో బేగంపేటకు మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అదే ఏడు అక్టోబరులో అక్కడ ‘ఇండియా ఏవియేషన్’ పేరుతో మొదటి ప్రదర్శన పెట్టారు. తర్వాత దాని పేరు ‘వింగ్స్ ఇండియా’ అయింది. ఇంట్లో పాత బీరువాను పారేయకుండా వంటసామాను పెట్టుకుంటామే, అలా ఖాళీ రన్‌వేకి మంచి వాడకం దొరికింది. మరో నగరంలో ఇలాంటి ప్రదర్శన పెట్టాలంటే పనిచేసే విమానాశ్రయాన్ని గంటల తరబడి ఆపాలి. ఇక్కడ ఆ బాధ తక్కువ.

2024 జనవరి 18 నుంచి 21 వరకు జరిగినప్పుడు బోయింగ్ వాళ్ళ 777ఎక్స్ విమానం మనదేశంలో మొదటిసారి అక్కడే కనిపించింది. ఆకాశ ఎయిర్ వాళ్ళు 150 విమానాలు కొంటున్నామని ప్రకటించారు. అయితే ఒక మాట... అంత పెద్ద బేరాలు నాలుగు రోజుల్లో, గుడారంలో కాఫీ తాగుతూ తేలవు. అంతా ముందే మాట్లాడుకుని నలుగురిలో తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది అది. ఫొటోల్లో పడేది తాంబూలాలే. అసలు పని మరోచోట జరుగుతుంది.

ఆ అసలు పని మన పెళ్ళిచూపుల్లాంటిదంటే నవ్వకండి! ‘రూట్స్’ అని ఒక సదస్సు ఉంది, 1995లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మొదలైంది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి కొత్తగా విమానం వేయాలన్న మాటలు అక్కడ జరుగుతాయి. విమానాశ్రయాల వాళ్ళది పెళ్ళికూతురి పక్షం, విమాన కంపెనీల వాళ్ళది పెళ్ళికొడుకు పక్షం. ముందే టైము రాసిపెట్టుకుని ఒక్కొక్కరితో 20 నిమిషాలు కూర్చుంటారు. మా ఊరి నుంచి ఇంతమంది ప్రయాణికులున్నారు, మా దగ్గర ఫీజులు ఇంత, మీ విమానం మా ఊరికి వేస్తే నష్టపోరు... ఇలా. గంట మోగగానే లేచి పక్క బల్లకు పోవాలి. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే ఏడాది పట్టే పరిచయాలు మూడు రోజుల్లో అయిపోతాయి. నచ్చితే ఆ తర్వాత నెలల తరబడి లెక్కలు.

టైముల కోసం ఇంకో సదస్సు. ఏడాదికి రెండుసార్లు ప్రపంచంలోని విమాన కంపెనీలన్నీ ఒకచోట చేరి, కిక్కిరిసిన విమానాశ్రయాల్లో ఎవరు ఎప్పుడు దిగాలో, ఎప్పుడు లేవాలో సర్దుబాటు చేసుకుంటాయి. అమ్మాయి కాన్పుకని అమెరికా బయల్దేరిన అమ్మ అర్ధరాత్రి రెండింటికి శంషాబాద్‌లో ఊరగాయ ప్యాకెట్లతో ఎందుకు కూర్చోవాల్సి వస్తుందో తెలుసా? అవతలి ఊళ్ళో దిగే టైము, అక్కడ మరో విమానం అందుకునే టైము అలా కుదిరాయి గనక! మన నిద్రను ఎక్కడో బల్ల దగ్గర సర్దుతున్నారన్నమాట.

ఇదంతా వ్యాపారం. కానీ ఒక సదస్సు ప్రాణాలు కాపాడిన కథ ఉంది. అది చెప్పాలనే ఇంత దూరం వచ్చాను.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, చిన్న విమానాశ్రయంలో, దట్టమైన మంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే గుద్దుకున్నాయి. 583 మంది చనిపోయారు. లేవబోతున్న విమానం కెప్టెన్ సామాన్యుడు కాదు, ఆ కంపెనీలో మిగతా పైలట్లకు శిక్షణ ఇచ్చేవాడు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీద ఉందేమోనని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. పెద్దాయన కొట్టిపారేశాడు. ఇంజనీరు మళ్ళీ గట్టిగా అనలేదు.

మరుసటేడు, 1978 డిసెంబరులో, అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఇంకోటి. చక్రాలు సరిగా దిగాయో లేదోనన్న ఆలోచనలో పడి కెప్టెన్ గంటసేపు గాల్లోనే తిప్పాడు. ఇంధనం అయిపోతోందని పక్కవాళ్ళకు తెలుసు. చెప్పారు, కానీ ఎలా? కొత్త కోడలు అత్తగారితో “పాలు పొంగుతున్నట్టున్నాయండీ” అన్నట్టు, నసుగుతూ! విమానం కూలింది. పదిమంది పోయారు.

1979 జూన్‌లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సదస్సు ఏర్పాటు చేసింది. దండలు, శాలువాలు కప్పుకోవడానికి కాదు. విమాన కంపెనీల వాళ్ళను, మనుషుల నడవడిని చదివే శాస్త్రజ్ఞులను ఒకే గదిలో కూర్చోబెట్టారు. వాళ్ళ ముందున్న ప్రశ్న ఒక్కటే. యంత్రాలు బాగున్నా, నడిపేవాడికి పని బాగా వచ్చినా విమానాలు ఎందుకు కూలుతున్నాయి? తేలిందేమిటంటే, లోపం యంత్రంలో కన్నా మాటల్లో ఎక్కువ ఉంది. చిన్నవాడు పెద్దవాడికి చెప్పలేకపోవడం, చెప్పినా పెద్దవాడు వినకపోవడం. ఒక కంపెనీ తనంతట తాను ఈ మాట ఒప్పుకోవడం కష్టం, పరువు సమస్య కదా! అందరూ ఒకచోట కూర్చుని, మా దగ్గరా ఇదే, మా దగ్గరా ఇదే అనుకున్నప్పుడే సిగ్గు పోయింది. 1981 నుంచి పైలట్లకు ఈ శిక్షణ మొదలైంది. కెప్టెన్‌కు వినడం, కింది ఉద్యోగికి స్పష్టంగా చెప్పడం నేర్పడమే ఆ శిక్షణ.

ఫలితం 1989 జూలై 19న కనిపించింది. డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న విమానంలో వెనక ఇంజను పగిలి, విమానాన్ని తిప్పే వ్యవస్థ మొత్తం పోయింది. అలా అయితే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ అందరినీ అడిగాడు. ప్రయాణికుల్లో కూర్చున్న ఇంకో శిక్షకుడైన పైలట్‌ను కూడా లోపలికి రమ్మన్నాడు. నలుగురూ కలిసి మిగిలిన రెండు ఇంజన్ల వేగం పెంచుతూ తగ్గిస్తూ సూ సిటీ దాకా తెచ్చారు. దిగేటప్పుడు విమానం ముక్కలైంది. అయినా 296 మందిలో 184 మంది బతికారు. ఆ శిక్షణే లేకపోతే ఇది జరిగేది కాదని హేన్స్ తర్వాత ఎన్నో సభల్లో చెప్పాడు.

ఇలాంటి సదస్సుకు పెద్ద హోటలు, విందులు కావాలనేం లేదు. 1929 నవంబరులో న్యూయార్క్ దగ్గర కర్టిస్ ఫీల్డులో 26 మంది మహిళా పైలట్లు ఒక విమానాల షెడ్డులో కలిశారు. పక్కన ఇంజను హోరు. రెంచీలు, స్పానర్లు పెట్టుకునే తోపుడుబండి మీద టీ ఇచ్చారట! అక్కడ పుట్టిన ‘నైంటీ నైన్స్’ సంఘం నేటికీ ఉంది. మొదటి అధ్యక్షురాలు అమీలియా ఇయర్‌హార్ట్. ఇటు మన హైదరాబాదులోనూ, 1940ల చివర్లో, డెక్కన్ ఎయిర్‌వేస్‌లో ప్రేమ్ మాథుర్ అనే అమ్మాయి పైలట్‌గా చేరింది. అంతకుముందు ఎనిమిది కంపెనీలు కాదన్నాయని చెబుతారు. ఉద్యోగమైతే ఇచ్చారు కానీ విమానాన్ని పూర్తిగా ఆమె చేతికి అప్పగించడానికి మాత్రం వెనకాడారట. ఆమెకు ఒక తోపుడుబండి టీ సమావేశం దొరికి ఉంటే ఎలా ఉండేదో! ఇప్పుడు మనదేశంలో పైలట్లలో నూటికి పదిహేను మంది దాకా ఆడవాళ్ళే, ప్రపంచ సగటుకు రెండింతలకు పైమాట.

పెళ్ళి చేసిన ఏ ఇల్లాలికైనా తెలుసు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలన్నదే సగం పని. సదస్సుకూ అంతే. వేదిక మీద మంత్రులు, జ్యోతి వెలిగించడం, గంటన్నర స్వాగతోపన్యాసాలు... వాటితో పొద్దు గడిపేస్తే డబ్బు దండగ. ఆ ఖర్చు ఏదో దారిన మన టిక్కెట్టు మీదికే వస్తుంది. ఉపన్యాసం తక్కువ, టీ విరామం ఎక్కువ ఉండాలి. ఇంజనీరు కెప్టెన్‌ను ప్రశ్న అడగగలిగేలా కుర్చీలు గుండ్రంగా వేయాలి. సామాన్లు మోసేవాళ్ళ తరఫునా, చక్రాల కుర్చీ తోసేవాళ్ళ తరఫునా ఒకరైనా ఉండాలి. పసిబిడ్డల తల్లులు వస్తే పాలివ్వడానికి ఒక గది ఉండాలి. ఇవి చూసి ఏర్పాటు చేసినవే పనికొచ్చే సదస్సులని నా లెక్క.

బేగంపేట ప్రదర్శనకు వెళ్ళాలనుకుంటే ఒక సంగతి. మొదటి రోజులు వ్యాపారులకే, చివర్లో టిక్కెట్టుతో మనల్నీ రానిస్తారు. తేదీలు, టిక్కెట్ల సంగతి ముందే కనుక్కోండి. రన్‌వే పక్కన చెట్టు నీడ ఆశించవద్దు. జనవరి ఎండే కదా అనుకోకుండా టోపీ గానీ గొడుగు గానీ ఉంచుకోండి. గాల్లో విన్యాసాలు జరిగేటప్పుడు మోత చెవులు పగిలేలా ఉంటుంది, చంటిపిల్లల చెవులు జాగ్రత్త. కాస్త పెద్దపిల్లలుంటే విమానం దగ్గర ఫొటో అయ్యాక స్టాళ్ళ వైపు తీసుకెళ్ళండి. అక్కడ యూనిఫాంలో ఉన్న అమ్మాయి కనిపిస్తే, ఈ ఉద్యోగానికి ఏం చదవాలి, ఎంత ఖర్చవుతుంది, రాత్రి డ్యూటీలుంటాయా... మొహమాటపడకుండా అడిగేయండి.