రీస్టార్ట్ మంత్రం

దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ 1955లో కలకత్తాకే, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. నా ఇంటికి 2004లో వచ్చింది. చాందినీ చౌక్‌లో విడిభాగాలు కొని బిగించుకుని, లినక్స్ వేయించాను. రోజుకి రెండుసార్లు ఆగిపోయేది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే నడిచేది.

సెప్టెంబర్ 17, విశ్వకర్మ పూజ. ఇక్కడ ఆ రోజు లేతు మిషన్ల నుంచి రిక్షాల దాకా అన్నిటికీ సిందూరమే. "మీరూ ఓ బొట్టు పెట్టండి దాదా" అన్నాడు పక్కింటాయన. నవ్వేశాను. హేతువాదిని కదా!

ఆ నెలలోనే లినక్స్ యూజర్స్ గ్రూపు వాళ్ళ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. ఓ కాలేజీ కుర్రాడు అడిగాడు: "లాగ్‌లో ఏముంది?" చూడలేదు. ఓచరు చదవకుండా ఒక్క బిల్లూ పాస్ చెయ్యనివాణ్ణి! కారణం వెతకని నా రీస్టార్టుకీ, ఆయన బొట్టుకీ తేడా ఏమిటి?

లాగ్ నిండా హార్డ్‌డిస్కు ఎర్రర్లే. కేబుల్ మార్చాం. వారం రోజులు నిక్షేపంగా నడిచింది. కుర్రాడికి అది చాలలేదు. "పాత కేబుల్ మళ్ళీ పెట్టి చూడండి" అన్నాడు. పెట్టాను. సాయంత్రానికల్లా ఆగిపోయింది. కంప్యూటర్ ఆగిపోతే సంతోషించింది అదే మొదలు!

పక్కింటాయనకి మాత్రం ఇదంతా చెప్పలేదు. నా రీస్టార్టు సంగతి కూడా చెప్పాల్సొస్తుందని.