కాగితపు విమానములు

పిల్లలుగల యింట చిత్తుకాగితమునకు కొదువ యుండదు. దానిని పోగుచేసి పొయ్యిలో వేయుట గృహిణికి నిత్యకృత్యము. మేమును అట్లే చేయుచుంటిమి. ఆ యలవాటువలన మా చేతుల జరిగిన యొక తప్పును, దానిని దిద్దుకొనబోయి మేము నేర్చుకొనిన చిన్నవిద్యను సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

మా అమ్మాయికి పదేండ్లు. క్రిందటి వానకాలమున దానినిగూర్చి బడినుండి ఫిర్యాదు వచ్చినది. లెక్కల పుస్తకములో పుటలు తరిగిపోవుచున్నవనియు, అవి విమానములై తరగతిలో నెగురుచున్నవనియు పంతులమ్మగారు తెలియజేసిరి. ఇల్లు వెదకగా మంచముక్రింద అట్టపెట్టెలో పదునొకండు విమానములు దొరకినవి. కోపము పట్టజాలక వానినన్నిటిని నలిపి వేడినీళ్ల పొయ్యిలో వేసితిమి. పిల్ల యేడువలేదు, ఎదురాడలేదు. అన్నము తిని పడుకొన్నది. శిక్ష ఫలించినదని మేము లోలోన సంతోషించితిమి.

రెండుదినములైన తరువాత జడ వేయుచుండగా, తనలో తాననుకొనునట్లు, "అందులో ఒకటి వీధిగదిలోంచి వంటింటి గుమ్మం దాకా వచ్చిందమ్మా. దాని మడత మళ్లీ నాకు రావటం లేదు" అన్నది.

ఆ మాట మా మనస్సున ములుకువలె నాటుకొన్నది. మేము కాల్చినది కాగితమనుకొంటిమి. ఒకరు నేర్పకుండ ఆ పిల్ల తన బుద్ధిచేత సాధించుకొనినదానిని కాల్చితిమని అప్పుడు తెలిసినది. మనము పలురాత్రులు కూర్చుండి కొత్తగా కల్పించుకొనిన అల్లికపనిని, నమూనా యైనను మిగులకుండ ఒకరు విప్పి పారవైచినచో మనకెట్లుండును? పెద్దవారు పిల్లలతో తప్పైనదని చెప్పు వాడుక మన యిండ్లలో తక్కువ. మాకును నోరు రాలేదు. ఆ ఆదివారము మధ్యాహ్నము ఒకవైపు వాడిన కాగితముల కట్ట నొకదానిని తెచ్చి దానిముందు పెట్టి, "నాకూ నేర్పవే తల్లీ" అంటిమి. పిల్ల మావంక కొంతసేపు అనుమానముగా చూచి, పిమ్మట చాపమీద చోటిచ్చినది.

అది మొదట నేర్పినది ఈ మడత. కాగితమును నిలువుగా నడిమికి మడిచి విప్పవలెను. నడుమ గీత పడును. పై రెండు మూలలను ఆ గీతకు చేర్చి మడువగా గోపురమువంటి మొన యేర్పడును. ఆ గోపురమునంతను క్రిందికి వంచిన, కాగితము ఉత్తరపు కవరువలె కనబడును. మరల పై మూలలు రెండింటిని నడిమిగీతకు తేవలెను. ఈ మారు అవి గోపురపు కొనకు ఒక అంగుళము పైగా కలియవలెను. కొన క్రిందుగా బయటకు కనబడుచుండవలెను. ఆ కొనను పైకి మడిచినచో మూలలు రెండును దానిక్రింద చిక్కుకొని విడిపోకుండ నిలుచును. తరువాత ఆ మడతలు వెలుపలికి వచ్చునట్లు మొత్తమును నడిమికి మడిచి, ఇరుప్రక్కల రెక్కలు దించవలెను. జిగురు లేదు, కత్తెర లేదు, గుండుసూది లేదు. ఈ బిగింపునకు నకామురా అను నాతని పేరు కలదు.

మడత మాకు వెంటనే పట్టుబడినది. చీరెలు మడిచి మడిచి అలవాటైన చేయి గదా! గీతలు గోటితో నొక్కి, అంచుకు అంచు కలిపి, చూచుటకు ముచ్చటగా నొక విమానమును సిద్ధపరచి, బలముకొలది విసరితిమి. అది మూడడుగులు పోయి ముక్కు నేలకు కొట్టుకొన్నది.

"గట్టిగా విసిరావమ్మా. దీన్ని విసరకూడదు, వదలాలి" అని పిల్ల నవ్వినది.

అది విమానమును చేతికి తీసికొని, ఎదుటినుండి కంటికెత్తుగా పట్టి చూచి, రెక్కల వెనుకటి అంచును గోటితో బియ్యపుగింజ మందమంత పైకెత్తినది. ఈసారి మెల్లగా వదలగా అది ముక్కు పైకెత్తి, గాలిలో నొక్కక్షణము నిలిచి, చతికిలబడినది. "ఎక్కువైంది" అని అంచును సగము దించినది. మూడవమారు ఆ విమానము తడబాటు లేక గది ఆవలిగోడవరకు జారుచు పోయినది. మేమిద్దరము ఒక్కసారిగా చప్పట్లు కొట్టితిమి.

దీని కారణములను మేము తరువాత చదివి తెలిసికొంటిమి. మనము సాధారణముగా వాడు ఏ-4 తావు 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు గలది. చదరపు మీటరునకు 80 గ్రాముల రకమైనచో ఒక తావు 5 గ్రాములు తూగును. ఎన్ని మడతలు వేసినను ఆ తూకము పెరుగదు, తూకముండు చోటు మాత్రము మారును. ముందుభాగమున మడతమీద మడత పడుటచే బరువు ముక్కువైపునకు చేరును. ఆ ముందుబరువే విమానమును తిన్నగా నడిపించును. అయితే బరువు ముందున్నచో ముక్కు వాలుట సహజము. వెనుకటి అంచు కొంచెము పైకుండినచో గాలి దానిని తాకి తోకను క్రిందికి నొక్కును, ముక్కు పైకి లేచును. అంచు మితిమీరి లేచినచో విమానము వేగము పోగొట్టుకొని కూలును. రెండు రెక్కలును కొద్దిగా పైకి లేచి, వాలని చేతులవలె నుండినచో, ఒక ప్రక్కకు ఒరిగినను విమానము తానే సర్దుకొనును. ఎగురవేయునప్పుడు పంకా ఆపుట మరువరాదు. వానదినములలో కాగితము చెమ్మ పీల్చి మెత్తబడును గనుక ఆ కాలమున రెక్కలు త్వరలో వాలిపోవును.

కాగితము మడుచు ఈ విద్యకు జపానువారు ఒరిగామి అని పేరిడిరి. వారి భాషలో ఓరు అనగా మడచుట, కామి అనగా కాగితము. టకువో టోడా అను జపాను దేశస్థుడు కాగితపు విమానములయందు పేరుమోసినవాడు. ఆయన 2010 డిసెంబరు 19వ తేదీన తాను మడిచిన విమానమును 29.2 సెకండ్లు గాలిలో నిలిపెను. ఒకటి నుండి ముప్పదివరకు నెమ్మదిగా లెక్కించి చూచినచో అదెంతసేపో మనకు తెలియును. అట్టి పందెములందు విమానమును బలముగా పైకి విసరుదురు. అది పైన నెమ్మదించి, చుట్లు తిరుగుచు దిగివచ్చును.

దూరమునకు మరియొక పందెము గలదు. 2012 ఫిబ్రవరిలో అమెరికాయందు జాన్ కాలిన్స్ అను నాయన మడిచిన విమానము 69.14 మీటర్లు పోయినది. దానిని విసరినవాడు ఆయన కాడు. జో అయూబ్ అను బంతియాటగాడు. మడుచు నేర్పు ఒకరిది, విసరు బలము మరియొకరిది. ఆ విమానమునకు కాలిన్సుగారు తన భార్యపేరు, సుజాన్ అని పెట్టుకొనిరి. 2022 డిసెంబరులో ముగ్గురు అమెరికా యువకులు కలిసి సాధించిన దూరము 88.318 మీటర్లు.

ఈ సంగతులు చదివి వినిపించినప్పుడు మా అమ్మాయి కన్నులు పెద్దవైనవి. సుజాన్ కథ దానికి మిక్కిలి నచ్చినది. ఆనాటినుండి మాయింటను పని పంచుకొంటిమి. గీత చెదరకుండ మడుచుట మా వంతు. అంచులు సరిచూచి వదలుట దాని వంతు. వాడని కాగితము ముట్టరాదనియు, బడిపుస్తకము జోలికి పోరాదనియు కట్టుబాటు చేసికొంటిమి. లెక్కల పుస్తకము ఇప్పుడు నిండుగానే యున్నది. మార్కులు మాత్రము మునుపటివలెనే యున్నవి. వానిసంగతి వేరుగా చూచుకొనుచున్నాము.

ఆ చాపమీద కూర్చున్నప్పుడు మాకు బుద్ధికి తోచినదొక్కటే. విమానము వంకరగా పోయినప్పుడు పిల్ల దానిని నలిపివేయలేదు. ఎటు పోయినదో చూచినది, గోటితో రవంత దిద్దినది, మరల వదలినది. మేమో, దాని తప్పు చూచినంతనే గుప్పిటిలో నలిపి నిప్పులో వేసితిమి. పుటలు చింపుట తప్పే. ఆ తప్పునకు గోటితో సరిపోవు దిద్దుబాటుండగా గుప్పిటి నుపయోగించితిమి.

వంటయింటి గుమ్మమువరకు వచ్చిన ఆ మడతకొరకు ఇద్దరము ఎన్నో ఆదివారములు వెదకితిమి. ముక్కు రెండుమార్లు మడిచి చూచితిమి, మూడుమార్లు మడిచి చూచితిమి. రెక్కలు వెడల్పు చేసితిమి, సన్నము చేసితిమి. మంచి విమానములు కొన్ని వచ్చినవి. ఒకటి నడవ దాటి భోజనముల గదిలో దిగినది. గుమ్మమును మాత్రము ఏదియు చేరలేదు. పిల్ల ఇప్పుడు ప్రతి మడతను వరుసక్రమమున ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుచున్నది. పోయినదానినిగూర్చి మరల అడుగలేదు. మాకు మాత్రము జ్ఞాపకము వచ్చుచునే యున్నది.

పొయ్యి రాజబెట్టు పని మాది గనుక చిత్తుకాగితము ఇప్పటికిని మా చేతికే వచ్చును. ఏ కాగితమునైనను నిప్పులో వేయుటకు ముందు ఒకమారు విప్పి చూచుచున్నాము.