రెండవ సర్వరు

అమెరికా కార్యాలయముల టెలిఫోను వ్యవస్థలను మాదాపూరునుండియే కనిపెట్టుచుండు ఒక సంస్థయొక్క ప్రయోగశాలను చూచి వ్రాయుడని సంపాదకులు కోరగా, అచటనే ఉద్యోగము చేయు నా మేనల్లుని వెంట పోయితిని. అద్దాల గోడలను, కాఫీ యంత్రమును, స్వాగతవచనములను పాఠకులు ఊహించుకొనగలరు.

నా దృష్టి మేనల్లుని చేతులమీదనే నిలిచెను. అతడు ఆపద పిలుపులను చూచు ప్రధాన సర్వరు కేబులు కొక్కెమును బొటనవ్రేలితో నొక్కి, తీగను ఊడదీసి, ఎదుటి ఫోనులో అమెరికావారి ఆపద సంఖ్యయగు 911 నొక్కెను. ఆ పిలుపు పోలీసులకు పోక ప్రక్కబల్లమీది ఫోనుకే చేరునట్లు ముందే కట్టుదిట్టము చేసియుండిరి. వారు వాడు సిస్కో పద్ధతిలో 911 ప్రధాన సర్వరుకును, 912 రెండవదానికిని ద్వారములు; మొదటిది పలుకనిచో పిలుపు రెండవదానికి మరలును; రెండును మూగవోయినచో, ముందుగా నిర్ణయించిన ఒక సాధారణ సంఖ్యతో వెలుపలికి పోవును. ప్రక్కఫోను మ్రోగెను. తెరమీది సంఖ్యను, ఏ అంతస్తుకు ఏ సంఖ్యయో తెలుపు పట్టికతో సరిచూచినపిదప గాని మావాడు రిసీవరు దింపలేదు. ఆ శ్రద్ధకు నేను ముగ్ధుడనైతిని.

"సర్వరుకు డబ్బిస్తారు మామయ్యా, ఏ పోర్టు ఏ గదిదో రాసిపెట్టే మనిషికి ఇవ్వరు," అని అతడు గొణిగెను.

అసలు వ్యాధి ఇదియే. ఫోను ఏ స్విచ్చి పోర్టులో గ్రుచ్చబడినదో దానినిబట్టి మనిషి జాడ తెలియును. ఉద్యోగుల బల్లలు మారి, తీగలు మారి, పట్టిక మాత్రము మారనిచో, రెండవ సర్వరు మొదటిదాని పట్టికనే గ్రహించును గావున ఆ దోషమును సైతము యథాతథముగా గ్రహించును. తప్పుడు జాతకమునకు రెండు నకళ్లు వ్రాయించినట్లే. యంత్రమును కొనుట ఖర్చుగా లెక్కకు వచ్చును, లేఖరి ఓపిక లెక్కకు రాదు.

జాడ మాట అటుంచి, పిలుపే వెలుపలికి పోని సందర్భమును కలదు. 2013 డిసెంబరులో టెక్సాసు రాష్ట్రపు మార్షల్ పట్టణమున, హోటలు గదిలో కారీ హంట్ అను స్త్రీ హత్యకు గురియగుచుండగా, ఆమె తొమ్మిదేండ్ల కుమార్తె మరల మరల 911 నొక్కెను. బయటి లైనుకు ముందుగా 9 నొక్కవలెనని ఆ పసిదానికి తెలియదు. హతురాలగు కారీ పేర 2018లో చట్టము వచ్చెను. అట్టి అడ్డంకి ఇకమీదట ఉండరాదని అది శాసించినది. అచట చట్టమైనను కలదు.

మీ కార్యాలయపు ఫోనులో మన ఆపద సంఖ్యయగు 112 నొక్కినచో నేరుగా పోవునా, ముందొక అంకె కావలయునా, పోయినచో మీ అంతస్తు అవతలివారికి తెలియునా? ఫోనులు చూచువారిని రేపే అడుగుడు.