ధూళి పట్టకముందే

విశాఖపట్నం లోకో షెడ్డు నుండి కొత్త రంగుతో వెలువడిన గూడ్సు ఇంజను ఆ రంగును ఎక్కువకాలం నిలుపుకోలేదు. కొత్తవలస, కిరండూల్ మార్గంలో కొన్నిమార్లు తిరిగిందంటే బైలదిల్లా ఇనుప ఖనిజపు ఎర్రధూళి దానిని తన వర్ణంలో కలిపేసుకుంటుంది. జపానుకు ఖనిజం పంపడానికై 1960 దశకంలో తూర్పు కనుమలను తొలిచి వేసిన దారి అది. దానిపై సిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరు లోయకు రైలు వచ్చేదాకా బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే మిక్కిలి ఎత్తైనదని చెప్పుకునేవారు.

2018 డిసెంబరులో ఒక ఉదయం, శృంగవరపుకోటలోని ఒక తపాలా ఉద్యోగి సెలవుచీటీ పంపి, మోటారు సైకిలెక్కాడు. ఆకుపచ్చని ఒంటికి పసుపు పట్టీతో డబ్ల్యూఏజీ-9 ఇంజనొకటి ఖాళీ వ్యాగన్లతో కొండ ఎక్కబోతున్నదని ముందురోజు రాత్రి మిత్రుడు కబురు చేశాడు.

అతని తండ్రి ఆ షెడ్డులోనే రంగుల మేస్త్రిగా పనిచేసి 1991లో పదవీ విరమణ చేశారు. పాత రంగు గీకి, లప్పం పెట్టి, అస్తరు వేసి, ఆపైన రంగు పూయడం అందరూ చేసే పనే. అంకెలు రాయడం మాత్రం ఆయన చేతిమీదనే జరిగేది. అనుమతి లేనిదే అక్కడ ఫొటో తీయరాదు గనుక ఆయన రాసిన అంకె ఒక్కటైనా చిత్రంగా మిగలలేదు. ఇనుమేమో తుక్కుకు పోయింది. ఉద్యోగుల జాబితాలను భద్రపరిచే కార్యాలయాలు పనితనాన్ని భద్రపరచవు మరి.

శివలింగపురం దగ్గర బండి అందినట్టే అంది తప్పిపోయింది. సూర్యుడు అవతలివైపున ఉన్నాడు, ఇంజను నల్లని నీడగా మాత్రమే కనిపించింది. పైగా రైలుదారి ఒకవైపు, ఘాట్‌రోడ్డు మరొకవైపు సాగుతాయి. అయితే ఖనిజంతో దిగివచ్చే బండికి దారి ఇవ్వడం కోసం దీనిని పై స్టేషనులో ఆపుతారని అతనికి తెలుసు. అనంతగిరి కాఫీతోటల మీదుగా బొర్రా చేరేసరికి గంటన్నర పట్టింది. చేరగానే మంచు కమ్మింది. టీకొట్టు ముసలమ్మ, “ఇది ఇప్పట్లో పోదు బాబూ, కూర్చో” అన్నది. అతడు కూర్చోలేదు.

గుహల మీదుగా సాగే ఆ దారిలో మొదట హారను వినిపించింది, తరువాత పెద్దదీపం వెలుగు మంచులో పాలలా పరచుకుంది. ఎదురుగా తీసిన మూడు చిత్రాలూ ఆ వెలుగులో మునిగిపోయాయి. ఇంజను పక్కగా వచ్చి దాటిపోయే ఒక్క క్షణంలో నాలుగవది దక్కింది. అందులో పసుపు పట్టీ, దాని మీద నంబరు, చెమ్మకు మెరిసే ఆకుపచ్చ కనిపిస్తున్నాయి. చివరి అంకె మాత్రం చట్రం బయట ఉండిపోయింది.

సాయంత్రం ఆ చిత్రాన్ని కాగితం మీద అచ్చు వేయించి తండ్రి ముందుంచాడు. ఒక కంటికి శుక్లం ముదిరిన ఆ వృద్ధుడు భూతద్దం తెప్పించుకుని, కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టి చాలాసేపు చూశారు.

“అచ్చురేకు పెట్టి కొట్టారా, చేత్తో రాశారా నాన్నగారూ?” అని కొడుకు అడిగాడు.

“చేత్తోనే. మూడు కింద కొంచెం లాగాడు చూడు. ఎవరో కుర్రాడు, బ్రష్షు నిండా రంగు ముంచాడు. రేపు వాడి పేరు కనుక్కురా.”