వంతెన మీద క్యారియర్

గుంటూరులో చదువుకున్నవాళ్ళకు శంకర్ విలాస్ వంతెనను పరిచయం చెయ్యనక్కరలేదు. ఇవతల బ్రాడీపేట, అరండల్‌పేట. అవతల పెద్దాసుపత్రి, ఏ.సి. కాలేజీ. మధ్యలో రైలు పట్టాలు. 1958లో కట్టిన ఆ వంతెన ఎక్కి దిగుతూనే మా తరం చదువులు పూర్తయ్యాయి. 2025 మేలో కొత్త వంతెనకు శంకుస్థాపన చేశారు. ఆగస్టులో పాతదాని మీద రాకపోకలు ఆపేశారు. ఆ వార్త చదవగానే నాకు గుర్తొచ్చింది ఒక టిఫిన్ క్యారియర్.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, పత్తిచేలో మందు కొడుతూ మా నాన్న కళ్ళు తిరిగి పడిపోయాడు. ఎదురుగాలికి కొట్టాడట. ఊళ్ళోవాళ్ళు తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో చేర్చారు. నా గది బ్రాడీపేటలో. అమ్మ అక్కడే కిరసనాయిలు స్టవ్వు మీద వండి ఇచ్చేది. పొద్దునా సాయంత్రం క్యారియర్ పట్టుకుని వంతెన దాటడం నా పని. అంతకుముందు ఆ వంతెన మీద స్నేహితులతో కబుర్లాడుకుంటూ ఎన్ని వందలసార్లు నడిచానో! అది ఇరుకని ఏనాడూ తోచలేదు. లారీ రాసుకుంటూ పోతుంటే, వేడి క్యారియర్‌ను గుండెకు అదుముకుని పిట్టగోడకు ఒదిగి నిలబడ్డ రోజున తెలిసింది.

పదో రోజున నాన్నను ఇంటికి పంపారు. రిక్షా మాట్లాడాను. ఎత్తు మొదలయ్యేసరికి రిక్షా అతను దిగి లాగుతున్నాడు, నేను వెనకనుంచి నెడుతున్నాను.

“ఆపవయ్యా, నేను దిగుతా” అన్నాడు నాన్న.

“కూర్చోండి బాబూ, ఎక్కేదాకే కష్టం. దిగేటప్పుడు అదే పోతది.”

నాన్న వినలేదు. ఒంట్లో సత్తువ లేకపోయినా, సాటి మనిషి రొప్పుతుంటే కూర్చోలేకపోయాడు. నా భుజం పట్టుకుని పదడుగులకోసారి ఆగుతూ నడిచాడు. వెనక బస్సు ఒకటే హారన్. తప్పుకుందామంటే చోటేదీ?

అందుకే పాత వంతెన పోతోందంటే నేను కన్నీళ్ళు పెట్టుకోను. రిక్షాలు, సైకిళ్ళు ఎక్కువగా తిరిగిన కాలానికి కట్టిన రెండు వరుసల వంతెన అది. కార్లు, ఆటోలు, అంబులెన్సులు కిక్కిరిసిన ఊరిని అదెన్నాళ్ళని మొయ్యగలదు? సుమారు 98 కోట్ల రూపాయలతో నాలుగు వరుసల వంతెన తలపెట్టడం సబబే.

కానీ ఊరి నడుమ వంతెన మార్చడం తేలిక కాదు. రామేశ్వరం దారిలోని పాత పాంబన్ వంతెన 1914 నాటిది. ఓడ వస్తే మనుషులు మీటలు తిప్పి, మధ్య భాగాన్ని రెండు రెక్కల్లా పైకి లేపేవారు. దానికి వయసు మీరితే పక్కనే మరొకటి కట్టి 2025 ఏప్రిల్ 6న ప్రారంభించారు. అక్కడ పక్కన సముద్రముంది. మన శంకర్ విలాస్ పక్కన ఉన్నవి దుకాణాలు, ఇళ్ళు, వాటిని నమ్ముకున్న బతుకులు. పాతది తీస్తేగాని కొత్తదానికి చోటు లేదు. అది లేచేదాకా కంకరగుంట వైపో, మూడు వంతెనల వైపో చుట్టు తిరగక తప్పదు. కారున్నవాడికి ఆ చుట్టు పెట్రోలు ఖర్చు. క్యారియర్ పట్టుకుని నడిచేవాడికి అది చల్లారిన అన్నం.

వంతెన కట్టేటప్పుడు ఎన్ని బళ్ళు పోతాయో లెక్క వేస్తారు. వెయ్యవలసిందే. ఆ లెక్కలో కాలినడకన పోయేవాళ్ళనీ కలపమని నా మనవి. వెడల్పాటి కాలిబాట, మధ్యలో ఓ క్షణం ఆగి ఊపిరి పీల్చుకునే చోటు ఉంటే చాలు. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, రేపు మీరు గీసే గీతల్లో ఆ కాస్త చోటు మరిచిపోకండి.

నాన్న ఇప్పుడు లేడు. కొత్త వంతెన మీద ఆ చివరినుంచి ఈ చివరికి ఒకసారి నడవాలని ఉంది. నడిచేటప్పుడు వెనకనుంచి ఎవరూ హారన్ కొట్టకపోతే, అది మంచి వంతెన అని నేను ఒప్పుకుంటాను.